పరగడుపు వేళ మాత్రది, ధనియాల నీళ్లది కాదు

గౌరవనీయులైన సంపాదకులకు,

ధనియాల నీళ్లు తాగితే థైరాయిడ్ మాత్ర మానేయొచ్చన్న మాట వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. చెప్పేవాళ్లందరూ ‘పరగడుపున తాగండి’ అంటున్నారు. చిక్కంతా అక్కడే. ఆ వేళ థైరాయిడ్ తక్కువైనవాళ్లు రోజూ వేసుకునే లెవోథైరాక్సిన్ మాత్రది.

ఈ మాత్ర సరిగా ఒంటబట్టాలంటే కడుపు ఖాళీగా ఉండాలి. లేవగానే మామూలు మంచినీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట దాకా ఇంకేమీ తీసుకోకూడదు. కాఫీ కూడా అడ్డే. ఐరన్, కాల్షియం మాత్రలకైతే 4 గంటల ఎడం కావాలి. థైరాయిడ్ తక్కువైన గర్భిణులకు ఈ మూడూ రాసిస్తారు కనుక చాలా ఇళ్లలో అన్నీ కలిపి ఒకేసారి మింగించేస్తుంటారు. దాంతో మాత్ర పడుతున్నా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తక్కువైతే రక్తంలో పెరిగే హార్మోన్) దిగదు.

ధనియాల నీళ్లు ఇష్టమైతే తాగండి, తప్పేమీ లేదు. రెండు చెంచాల ధనియాలు పుల్లలూ రాళ్లూ ఏరి, కడిగి, కచ్చాపచ్చాగా దంచి, కాచి చల్లార్చిన గ్లాసుడు నీళ్లలో రాత్రి నానబెట్టి పొద్దున వడకట్టుకోవాలి. మాత్ర వేసుకున్న గంట తర్వాతే తాగాలి. ఆయుర్వేదం దీన్ని దాహానికీ ఒంట్లో మంటకూ చెప్పింది. థైరాయిడ్ తక్కువైనవాళ్లకూ ఎక్కువైనవాళ్లకూ ఇదే మందని ఇప్పుడు ప్రచారం చేస్తున్నారు. రెండూ ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధమైన జబ్బులు!

మరి ‘నాకు పనిచేసింది’ అనేవాళ్ల మాటో? లెవోథైరాక్సిన్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు 7 రోజులు పడుతుంది. మానేసిన పది రోజులకు కూడా హుషారుగానే ఉంటారు, ఆ పేరు ధనియాలకు దక్కుతుంది. నీరసం, మలబద్ధకం, ముఖం ఉబ్బడం వారాల తర్వాత మొదలవుతాయి. అందుకే మోతాదు మార్చినప్పుడు 6 నుంచి 8 వారాలకు గానీ టీఎస్‌హెచ్ పరీక్ష చేయించరు. కొద్దిగా పెరిగిన టీఎస్‌హెచ్ ఏ మందూ లేకుండానే రెండోసారి పరీక్షలో మామూలుగా రావడమూ ఉంది.

అన్నిటికంటే భయపడాల్సింది గర్భిణుల విషయంలో. మొదటి మూడు నెలలు బిడ్డ మెదడు ఎదుగుదల తల్లి థైరాయిడ్ హార్మోన్ మీదే ఆధారపడుతుంది. ఆ రోజుల్లో చిట్కా నమ్మి మాత్ర ఆపితే నష్టం కడుపులోని బిడ్డకు.

వంటింట్లో థైరాయిడ్‌కు నిజంగా పనికొచ్చేది అయోడిన్ ఉప్పు. ప్యాకెట్ ఉప్పు మన ఇంటికి చేరేసరికి కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలన్నది నిబంధన. ‘సహజం’ అని సైంధవ లవణానికి మారినవాళ్లకు అది అందదు. అయోడిన్ ఉప్పును పొయ్యి పక్కన మూత తీసి ఉంచకుండా, మూత బిగించిన సీసాలో పెట్టుకోవాలి. అలాగని అయోడిన్ కోసం ఉప్పు ఎక్కువ తినక్కర్లేదు.

ధనియాల చిట్కా అచ్చువేసినప్పుడల్లా దాని కిందే ‘డాక్టర్ చెప్పకుండా థైరాయిడ్ మాత్ర ఆపకండి, మాత్రకూ ఈ నీళ్లకూ గంట ఎడం పాటించండి’ అని పెద్ద అక్షరాల్లో వేయమని మనవి.

— ఒక ఫార్మసిస్టు, ఖమ్మం