ఇక్కడా కొసరు వేస్తారే, పద్దూ!

సూవన్, దక్షిణ కొరియా,
ఆదివారం రాత్రి

ఒసేయ్ పద్దూ,

ఆలస్యమైంది, తిట్టకు. నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు. అందరం బాగున్నాం, చలి మొదలైంది, పిల్లదాని జలుబు తగ్గింది, మీ అమ్మగారిచ్చిన గోంగూర పచ్చడి సీసా అడుగు కనిపిస్తోంది. ఇక ఆ కబుర్లు చాలు. "అక్కడ ఉద్యోగంలో చేరిన వారంలోనే టీమ్ వాళ్లు పాటల గదికి తీసుకెళ్తారట, నాకు కాళ్లు వణుకుతున్నాయే" అని రాశావు చూడు, గది అద్దెకి తీసుకుని మైకులో పాడుకునే ఆ చోటు గురించి చెప్పాల్సింది బోలెడుంది.

వరసలో చెప్పాలంటే ఇది చివర్న రావాలి గానీ నేను ఆగలేను. అక్కడ కొసరు ఉందే! గదికి గంటకింత అని ముందే కట్టేస్తాం. తెర మూలన మిగిలిన నిమిషాలు కనిపిస్తుంటాయి. ఐదు, నాలుగు, మూడు... అందరూ చలికోట్లు వెతుక్కునే వేళకి ఆ అంకె ఉన్నట్టుండి పదమూడో, ఇరవైమూడో అయిపోతుంది. ఎవరూ తలుపు కొట్టరు, ఏమీ అడగరు. కౌంటర్లో కూర్చున్న యజమాని అక్కణ్నుంచే కలిపేస్తాడు. దాన్ని 'సొబిసు' అంటారు, సర్వీస్ అన్న మాటే. కానీ బజార్లో తూకం మీద వేసేదానికి కొరియన్లకి పాత మాట ఇంకోటుంది, 'తొమ్' అని. అచ్చం మన కొసరే! రెండు రెబ్బల కరివేపాకు కోసం రైతుబజారుకి వెనక్కెళ్లిన నువ్వు ఈ ఊళ్లో హాయిగా బతికేస్తావు. (ఆ రోజు గొడుగు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు, ఒట్టు.)

కొత్తవాళ్లు ఇక్కడే కంగారు పడతారు. అదనంగా బిల్లు వేస్తారేమోనని సగం పాటలో లేచిపోతారు. వెయ్యరు. వెళ్లేటప్పుడు కౌంటర్ దగ్గర కాస్త తలవంచి థాంక్స్ చెప్తే చాలు. మంగళవారం మధ్యాహ్నంలాంటి ఖాళీ వేళల్లో అరగంట కూడా కలుపుతారు. శుక్ర, శనివారం రాత్రుళ్లు బయట జనం కాసుకుని ఉంటారు కాబట్టి ఆశ పెట్టుకోకు. ఖాళీగా ఉండే గదికి కరెంటు తప్ప ఆయనకి పోయేదేముంది? మళ్లీ వచ్చే మనిషి దొరుకుతుంది. మన కూరగాయలామె లెక్కా ఇదే కదా.

సరే, మొదటికొస్తా. ఈ పాటల గది పేరు నొరెబాంగ్. నొరె అంటే పాట, బాంగ్ అంటే గది. రికార్డు సంగీతానికి మైకులో పాడే కరావోకే, ఈ విడిగదుల పద్ధతీ జపాన్ నుంచే వచ్చాయి, కొరియాలో 1991లో బూసాన్ అనే ఊళ్లో మొదలయ్యాయి. ఈ గదుల్లో ముక్కూమొహం తెలియనివాళ్ల ముందు పాడక్కర్లేదు. నీతో వచ్చినవాళ్లే వింటారు. కాబట్టి ఆ వణుకు సగం తగ్గించుకో.

ఆఫీసు విందుని హ్వేషిక్ అంటారు. మొదటి మజిలీ ఇల్‌ఛా, మాంసం కాల్చుకు తినే చోటు. రెండోది ఈఛా, బీరు. పాటలు చాలాసార్లు మూడో మజిలీకి వస్తాయి, అప్పటికి పెద్దాయన టై కూడా వదులైపోయి ఉంటుంది. అద్భుతంగా పాడేవాళ్ల కోసం అక్కడెవరూ చూడరు. తంబూరిన్ పట్టుకుని పక్కవాళ్ల పాటకి తాళం వేసే మనిషి కావాలి వాళ్లకి. సోఫా పక్కన తంబూరిన్ ఉంటుంది, తీసుకో. భజనలో కంజీర వాయించిన చెయ్యి నీది!

ఇక రిమోట్. దాన్ని చూసే జనం జడుసుకుంటారు, బొత్తాలన్నీ కొరియన్లో ఉంటాయి. ఐదే ఐదు గుర్తుపెట్టుకో. షిజాక్ అంటే మొదలు. ఛ్విసో అంటే ఆపు. యేయాక్ అంటే వరసలో పెట్టు. ఉసన్ యేయాక్ అంటే వరస తప్పించి ముందుకు తోసెయ్, దీన్ని మాత్రం ముట్టుకోకు, సినిమా టికెట్ క్యూలో దూరినట్టే ఉంటుంది. కంజు జంప్ నొక్కితే మధ్యలో వచ్చే వాయిద్యాల ముక్కని దాటేస్తుంది.

ఈ చివరి బొత్తామే గంటని కాపాడేది. పాట సుమారు నాలుగు నిమిషాలనుకుంటే గంటకి పదిహేను పాటలు. ఐదుగురుంటే తలా మూడు. అందులో ప్రతి పాట మధ్యలో వచ్చే వాయిద్యాలు, చివర్న మిషన్ వేసే మార్కుల ఆర్భాటం కలిసి నిమిషాలు తినేస్తాయి. మార్కుల తెర రాగానే ఛ్విసో నొక్కితే పోతుంది. ఆ మార్కుల్ని మనసులో పెట్టుకోకు, బాగా పాడినవాళ్లకి తక్కువా, అరిచినవాళ్లకి నూరూ రావడం మామూలే.

శ్రుతి సంగతి నీకు బాగా పనికొస్తుంది. మగవాళ్ల పాట ఎంచుకుంటే గొంతు అడుగుకి పోతుంది, ఆడవాళ్ల పాట మగవాళ్లకి పైన అందదు. 'నమ్/యొ' అని రాసిన బొత్తాం, మగ/ఆడ అని అర్థం, నొక్కితే శ్రుతి ఒక్కసారే మారుతుంది. అదీ సరిపోకపోతే ఉమ్‌జంగ్ బొత్తాంతో అరస్వరం చొప్పున పైకీ కిందకీ. పల్లవి దగ్గర ఊపిరందకపోతే రెండు మెట్లు దించు, మొహమాటపడకు, ఎవరూ పట్టించుకోరు.

మైకు కుయ్యిమని కూసిందంటే చాలావరకు రెండే కారణాలు. దాని మొహం స్పీకర్ వైపు తిరిగి ఉంటుంది, లేదా జాలీని అరచేత్తో మూసి పట్టుకుని ఉంటావు. పిడి పట్టుకో, నోటికి రెండు మూడు వేళ్ల దూరం ఉంచు. ఎకో ఎక్కువుంటే గొంతు మెత్తగా వినిపిస్తుంది గానీ మాటలు ఒకదాని మీదొకటి పడతాయి. మధ్యమధ్య శబ్దం తెగుతుంటే బ్యాటరీ అయిపోవచ్చి ఉండొచ్చు, కౌంటర్లో చెప్తే మారుస్తారు. మైకు తొడుగులు అక్కడే ఉంటాయి, కొత్తది వేసుకో.

పాటల నంబర్లతో జాగ్రత్త. టీజే, కుమ్‌యంగ్ అని రెండు రకాల మిషన్లున్నాయి, ఒకే పాటకి ఇందులో ఒక నంబరు, అందులో ఇంకోటి. ఫోన్లో రాసుకెళ్లిన నంబరు కొడితే ఇంకేదో మోగేది అందుకే. తెర మీద పేరు చూసి కొట్టు. తెలుగు పాటల కోసం వెతుకుతూ కూర్చోకు, టైమ్ పోతుంది. కొన్నిచోట్ల తెరకి యూట్యూబ్ కలుపుతారు, ముందే అడగాలి. నాలుగు ఇంగ్లిష్ పాటలు, ఒక కొరియన్ పల్లవి వచ్చుంటే గట్టెక్కుతావు.

ఒంటరిగా సాధన చెయ్యాలంటే కాసుల గది, 'కోనో' అని ముద్దుపేరు. ఇద్దరు పట్టేంత పెట్టె, వెయ్యి వోన్లకి (ఇక్కడి డబ్బు) రెండు నుంచి నాలుగు పాటలు, చోటుని బట్టి. చాలావాటిలో మనిషే ఉండడు, డబ్బు మిషన్లో వెయ్యడమే. మొదలైన పాట ఆపితే అది లెక్కలో పోయినట్టే అనుకో. చేరకముందే ఒక సాయంత్రం నిన్ను తీసుకెళ్తా.

ఇప్పుడు కాస్త గట్టిగా చెప్తున్నా, విను. బోర్డు మీద 'నొరె యన్సుప్‌జాంగ్' అని ఉంటే అది పాటల గదే, చట్టప్రకారం అక్కడ మద్యం అమ్మకూడదు, డబ్బుకి తోడు కూర్చునే మనుషుల్ని తేకూడదు. పద్దెనిమిది లోపు పిల్లలైతే రాత్రి పదికల్లా బయటికి పంపాలి. 'నొరె జుజమ్', 'దల్లన్ జుజమ్' అని ఉంటే అది బారు, ధరలు వేరు. వాటిలో, ఇంకా దొంగచాటుగా కొన్ని మామూలు గదుల్లో కూడా, 'దోఉమి' అని గంటకింత చొప్పున ఆడవాళ్లని పంపే వ్యాపారం నడుస్తుంది. పండ్ల పళ్లెం పెట్టి చేతికందిన బిల్లు వేసేదీ ఇలాంటిచోటే. నీ టీమ్ అలాంటిచోటికి తీసుకెళ్లదనే నా నమ్మకం. అయినా తలుపు దగ్గరే బోర్డు చదువు, ధర గదికా మనిషికా అని అడుగు, గంట ధర గోడ మీద రాసి ఉందో లేదో చూడు. తేడాగా అనిపిస్తే ఆఖరి రైలు వంక చెప్పి వచ్చెయ్. ఆ వంక ఇక్కడ ఎవరూ కాదనరు.

అమ్మో, ఎంత రాశాను! నీ మొదటి పాట ఏదో ఇంకా తేల్చలేదు. బాలాడ్ వద్దే, అంటే నెమ్మదిగా సాగే పాట, పార్టీ మధ్యలో అందరూ ఫోన్లు తీస్తారు. పెద్దవాళ్లుంటే ట్రోట్, అంటే వాళ్ల పాత తరం పాట, ఒక్కటి నేర్చుకో, మన జానపదంలా చప్పట్లకి పడుతుంది, నేను...

ఆగు, చివరి నిమిషం కిటుకు చెప్పలేదు. గడియారంలో ఒక్క నిమిషం మిగిలినప్పుడు మొదలుపెట్టినా ఆ పాట పూర్తయ్యేదాకా సాగుతుంది. అందుకని అన్నిటికన్నా పొడుగు పాట వరసలో ఆఖర్న పెట్టుకోవాలి. దాని నంబరు ముందే కొట్టి ఉంచి, ముందున్నది అవగానే

పిల్లది లేచింది, ఏడుస్తోంది. మిగతాది ఫోన్లో. కరివేపాకు ఎండబెట్టి తే!

నీ
సుజ్జి