బావా, ఆ నాలుగు వేలు పప్పుబెల్లాలు కావురా

ఒరేయ్ బావా,

చెల్లెమ్మా పిల్లలూ కులాసాయేనా? మొన్న ఫోన్లో మాటా మాటా పెరిగి ఇద్దరం కోపంగా పెట్టేశాం. అది అలా మిగిలిపోవడం నాకిష్టం లేదు. ఫోన్లో అయితే నువ్వు నన్ను పూర్తిగా చెప్పనివ్వవు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

నీ లెక్క తప్పని నేననను. 2025-26కి మన ఆంధ్రా బడ్జెట్టు 3,22,359 కోట్లు, అందులో రెవెన్యూ లోటు, అంటే రోజువారీ ఖర్చులకి రాబడి చాలనిది, 33,185 కోట్లు. ముసలివాళ్లకీ వితంతువుల్లాంటి వాళ్లకీ ఇచ్చే పింఛన్లకేమో నెలకి దగ్గర దగ్గర 2,700 కోట్లు, ఏడాదికి 32 వేల కోట్లు. "రెండూ ఒకటే అంకె, ఆ పింఛన్లు ఆపేస్తే లోటే ఉండదు, పప్పుబెల్లాల్లా పంచేస్తున్నారు" అన్నావు. మరి జీతాల పద్దు తీసేసినా లోటు మాయమవుతుంది కదరా. అదెందుకు అనలేదు? ఇన్ని ఖర్చులుంటే నీ వేలు ముసలివాళ్ల మీదే ఎందుకు ఆగింది?

మా ఎదురింటి మామ్మ గుర్తుందిగా, కొబ్బరి పీచు వడికేది. ఒకటో తారీఖున తెల్లారేసరికి తలకి నూనె రాసుకుని అరుగు మీద కూర్చుంటుంది. మొన్న సచివాలయం కుర్రాడు వచ్చి మెషీన్ మీద వేలు పెట్టమంటే ముద్ర పడలేదు. పీచు వడికీ వడికీ గీతలన్నీ అరిగిపోయాయి. బొటనవేలు, చూపుడువేలు, మళ్లీ బొటనవేలు. ఆ అయిదు నిమిషాలూ ఆవిడ మొహం చూడలేకపోయాను బావా. చివరికి ఫోన్లో మొహం చూపిస్తే అయింది. ఎనిమిది అయిదొందల నోట్లు. రెండు బీపీ, షుగరు మాత్రలకని పక్కన పెట్టింది, మూడు కిరాణా కొట్టు బాకీకి, మిగతావి కొంగున ముడేసుకుంది.

2014కి ముందు ఇదే పింఛను 200 రూపాయలు. తర్వాత 1,000, 2019 జనవరిలో 2,000, 2024 జనవరికి 3,000, అదే ఏడు జూలైలో 4,000. పెద్ద పెంపులన్నీ ఎన్నికల ముందో వెనకో వచ్చాయి. ఏ పార్టీ అయినా సరే, ఎంత ఇస్తామో మైకులో చెప్పింది గానీ ఎవరి దగ్గర తీసుకుంటామో చెప్పలేదు. నా గొడవంతా అక్కడే. మామ్మకివ్వడం దగ్గర కాదు.

ఎవరి దగ్గర తీసుకుంటున్నారో చూడు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక రాష్ట్రం తనంతట తాను రేటు మార్చుకునేవి కొన్నే మిగిలాయి: మందు, పెట్రోలు డీజిలు, రిజిస్ట్రేషన్లు, బళ్ల పన్ను, అలాంటివి. కేంద్రం అయిదేళ్లపాటు ఇచ్చిన జీఎస్టీ పరిహారం కూడా 2022 జూన్‌తో ఆగిపోయింది. ఇక మిగిలింది మామ్మ కొడుకు. రోజంతా కొబ్బరి దింపు తీసి సాయంత్రం 99 రూపాయల క్వార్టరు కొంటాడు. కొంగున కట్టిన నోట్లలో ఒకటి రెండు వాడి చేతి మీదుగా తిరిగి ఖజానాకే పోతాయి.

మనకిది కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా వద్దని లేచారు, మరుసటి ఏడాది సారా పోయింది. 1995లో రామారావు గారు మందే ఆపేశారు. ఆ ఆదాయం పోయేసరికి 1996లో రెండు రూపాయల బియ్యం మూడున్నర అయింది, కరెంటు ఛార్జీలు పెరిగాయి. 1997లో నిషేధమే పోయింది. ఆడవాళ్లు అంత కొట్లాడి తెచ్చుకున్నది డబ్బుల్లేవని తీసేశారు. అది తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు రగులుతుంది.

ఇక పెట్రోలు. ఇక్కడ 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకి 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. అందుకే నువ్వు సంక్రాంతికొస్తే ఎదుర్లంక వారధి దాటి, పుదుచ్చేరి కిందున్న యానాంలో ట్యాంకు నింపుకుంటావు, లీటరుకి పది రూపాయల పైనే మిగులుతుందని. దింపు తీసేవాడు యానాం దాకా వెళ్లలేడురా.

నీ అమలాపురం సైటు సంగతీ చెప్పాలి. కొన్నది ఒక రేటుకి, కాగితం మీద రాసింది ప్రభుత్వ విలువ, దాదాపు సగం. మిగతా సగం మీద ఏడున్నర శాతం ఖజానాకి చేరలేదు. సాక్షి సంతకం నాదే. ఆ రోజు మనిద్దరికీ లోటు గుర్తు రాలేదు.

నాకు ఒళ్లు మండే సంగతి వేరే ఉంది. నేను వేసిన సీసీ రోడ్డు బిల్లు 6,80,000. ఆన్‌లైన్లో ఎక్కింది, డబ్బు పడలేదు. ఏ ఆఫీసో రాయను, అక్కడి గుమస్తా చేతిలోనూ ఏమీ లేదు. ప్రభుత్వం మంగళవారం మంగళవారం రిజర్వు బ్యాంకు ద్వారా ఏడు శాతం చిల్లరకి అప్పు తెచ్చుకుంటుంది. నేను రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఆ రోడ్డు వేశాను. నెలకి 13,600, మూడు మామ్మ పింఛన్ల కంటే ఎక్కువ. ఇదీ ప్రభుత్వం చేసిన అప్పే కదా బావా, నా దగ్గర చేసింది. కానీ డబ్బు చెల్లించిన రోజే ఖర్చు రాస్తారు కాబట్టి బడ్జెట్ పుస్తకంలో లోటు కింద కనపడదు. ద్రవ్యలోటు, అంటే ఆ ఏడాది అప్పు తెచ్చి పూడ్చాల్సిన మొత్తం, 79,926 కోట్లని చదివినప్పుడల్లా, నాలాంటోళ్ల బిల్లులు కలిపితే ఎంతవుతుందా అనుకుంటాను.

బాకీ వెనక్కి నెట్టడం బిల్లుల్లోనే కాదు. మీ తెలంగాణలో 2021లో రిటైర్మెంటు వయసు 58 నుంచి 61 చేశారు, ఇక్కడ 2022లో 60 నుంచి 62. రిటైరయ్యేవాళ్లకి ఇవ్వాల్సిన డబ్బులు ఆ రెండు మూడేళ్లూ వెనక్కి జరిగాయి, పోలేదు.

నేను కోరేది పెద్దదేం కాదు. ఇంకో వెయ్యి పెంచుతామన్నవాడు ఆ నోటితోనే ఏ పన్ను పెంచుతాడో కూడా చెప్పాలి. ఆ పన్ను నీమీదా నామీదా పడాలి. నువ్వు ఒప్పుకోవని తెలుసు. కానీ మామ్మ పింఛను ఆపమని మాత్రం ఇంకెప్పుడూ నాతో అనకు.

ఈసారి వచ్చేటప్పుడు ఒకటో తారీఖు కలిసేలా చూసుకో. పొద్దున్నే అరుగు మీద కూర్చుందాం. నిన్ను చూసి ఆవిడ ఎన్నేళ్లయిందో. బిల్లు పడితే ఆ రోజే ఫోన్ చేస్తాను.

నీ
బావ