పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: మా పిల్లలను ఒక్కసారి అడగండి

గౌరవనీయులైన రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రి గారికి,

విజయవాడ విద్యాధరపురం నుంచి పదవీ విరమణ చేసిన ఒక తెలుగు ఉపాధ్యాయుడు నమస్కరించి రాయునది.

అయ్యా, సోమవారం సోమవారం మా వీధి బడి పిల్లల గురించి అర్జీలు ఇచ్చి విసిగిపోయి ఇలా బహిరంగంగా రాస్తున్నాను. ఇచ్చిన ప్రతి అర్జీకీ ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని నా ఫోనుకు సందేశం వచ్చింది. ఎవరు పరిష్కరించారో కనుక్కుందామని వెళితే ఆ కుర్చీలో మనిషి ఉండరు. పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చారు, సంతోషం. పరిశ్రమ అన్నాక అందులో ఎవరెవరు ఒళ్లు వంచుతున్నారో లెక్క ఉండాలి కదా. ఆ లెక్కలో మా పిల్లలు ఏ వరుసలో ఉన్నారో చూసి చెప్పండి.

కృష్ణ ఒడ్డున ఆ మధ్య ఒక సంబరం జరిగింది. ఏ సంబరమో చెప్పను, అన్నీ ఒకే తీరు. అతిథులు నాలుగింటికి వస్తారన్నారు. మధ్యాహ్న భోజనం కాగానే ఏడో తరగతి ఆడపిల్లలను బడి నుంచి తీసుకొచ్చి, పారాణి పెట్టి, సవరాలు కట్టి, అద్దె పట్టుబట్టలకు పిన్నీసులు గుచ్చి ఎండలో వరుసగా నిలబెట్టారు. అతిథులు వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ దాటిపోయింది. ఈలోగా ఒక పిల్లకు మంచినీళ్ల సీసా ఇవ్వబోతే వద్దంది. ఎందుకమ్మా అంటే, “తాగితే బాత్‌రూముకు వెళ్లాలి మాస్టారూ, అక్కడ తలుపుకు గడియ లేదు” అంది. చెమటకు ముఖాన రంగు కరిగి మెడ మీదికి చారలు కట్టింది. అంతసేపూ నిలబడి ఆడింది నాలుగు నిమిషాల కోలాటం. అందులో సగం సేపు ముఖ్య అతిథి గారు ఫోనులో ఉన్నారు. పులిహోర పొట్లాలు పిల్లల దాకా వచ్చేసరికి అడుగంటాయి. ఇళ్లకు ఎవరు దింపాలన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు.

సినిమాల్లో నటించే పిల్లలనైనా రోజుకు ఐదు గంటలకు మించి ఉంచకూడదని, విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటించకూడదని, ఇష్టం లేనిదే చేయించకూడదని 2017 బాల కార్మిక నిబంధనల్లో ఉంది. సినిమా పిల్లలకున్న ఆ మర్యాద మా వీధి బడి పిల్లలకు దక్కదా? ‘స్వాగతం పలకడం వాళ్లకు గౌరవం’ అని ఒక అధికారి నాతో అన్నారు. ఆ గౌరవం తమ పిల్లలకు ఎందుకు ఇప్పించరో అడగబోయి ఊరుకున్నాను.

ఇప్పుడు అదే తరగతి, అదే బెంచీలో కూర్చునే మరో పిల్ల సంగతి. వాళ్ల అమ్మకు కృష్ణ స్నానాల ఘాటు దగ్గర మొక్కజొన్న పొత్తుల బండి. ఈ పిల్ల నిప్పుల దగ్గర విసనకర్ర విసురుతుంది, పొత్తుకు నిమ్మచెక్క, ఉప్పూకారం రాసి ఇస్తుంది. తల్లికి సాయం చేయడం తప్పు కాదని అధికారులు బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ చూపిస్తారు. నిజమే. సాయంత్రం ఏడు దాటాక ఆ సాయమూ కూడదని దాని వెనకే వచ్చిన నిబంధనల్లో ఉంది, అది మాత్రం చదవరు. ఘాటుకు జనం వచ్చేదే ఏడింటికి! సెలవు రోజుల్లో, దసరా పది రోజుల్లో ఆ పిల్ల పడుకునే వేళ నన్ను అడగకండి. సంబరం నాడు మాత్రం అందరికీ చట్టం గుర్తొచ్చింది. నిప్పులు ఆరనివ్వకుండానే బండి తోసెయ్యమన్నారు, పిల్ల అరచెయ్యి కాలింది. తన స్నేహితురాలు వేదిక మీద ఆడుతుంటే ఈమె బారికేడు అవతల నిలబడి చూసింది. మర్నాడు బండి మళ్లీ అక్కడికే వచ్చింది. రాకపోతే ఇల్లు గడవదు. ఆ తల్లికి మరో దారి చూపిస్తామన్న హామీ ఏమైందో నేను గుర్తు చేయాలా?

హోటళ్లలో, ధాబాల్లో పిల్లలను పెట్టుకోకూడదని 2006 అక్టోబరు నుంచే ఉంది. ఇరవై ఏళ్లు కావస్తోంది. హైవే మీద ఏ టీ దుకాణం ముందైనా కారు ఆపి చూడండి, గ్లాసులు ఎవరు కడుగుతున్నారో కనిపిస్తుంది. దాని గురించి ఇంతకన్నా రాయను.

సాయంత్రం నా దగ్గర చదువుకునే పిల్లలను, మంత్రిగారు వస్తే ఏం చెబుతారు అని అడిగాను. పెద్ద పెద్ద కోరికలు కోరుతారనుకున్నాను. గడియ పెట్టించమన్నారు. “మా ఫొటో తీసేముందు అడగమనండి, పది రూపాయలు చేతిలో పెట్టి భుజం మీద చెయ్యి వేస్తున్నారు” అంది పొత్తుల పిల్ల. భవానీ ద్వీపం రోజూ కనిపిస్తుంది, ఒక్కసారీ పడవ ఎక్కలేదు అన్నాడు ఒకడు. ఆ భుజం మీది చెయ్యి సంగతి నా అర్జీలో మొదటి పేజీలోనే ఉంది, దయచేసి అదైనా చదవండి.

తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల మాట వినాలన్న ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడికలో మన దేశం 1992లోనే చేరింది. 2028లో కృష్ణా పుష్కరాలు. ఘాట్ల గురించి హోటళ్లవారిని, పడవలవారిని, పురోహితులను పిలిచి మాట్లాడతారు. ఒక పూట పిల్లలనూ పిలవండి. వేదిక కింద, బల్ల ముందు, కూర్చోబెట్టి. దండలు అక్కర్లేదు.

మరో కార్యక్రమానికి పిల్లలను పంపమని బడులకు మళ్లీ కబురు వచ్చిందట. ఎన్ని గంటలు, తిండి ఎవరు పెడతారు, ఇంటికి ఎవరు దింపుతారు, రానన్న పిల్లను వదిలేస్తారా లేదా, ఇదంతా కాగితం మీద రాసి సంతకం చేసి పంపించమనండి. అంతవరకు మా వీధి పిల్లలను పంపవద్దని తల్లిదండ్రులకు నేను చెబుతున్నాను. అది నేరమైతే నా చిరునామా నా అర్జీలన్నిటిమీదా ఉంది.

ఇట్లు,
విద్యాధరపురం, విజయవాడ నుంచి
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు