విజయనగరం జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మన ఊళ్లో బ్యూటీపార్లర్ల బోర్డుల మీద ఇప్పుడు గ్లూటాథయోన్ (ఒళ్లు తెల్లబడుతుందని ఎక్కించే మందు), లేజర్ అనే మాటలు కనిపిస్తున్నాయి. ఒకచోట కనుబొమలు తీర్చే కుర్చీ పక్కనే సెలైన్ స్టాండు చూశాను. సూది గుచ్చుతున్నది డాక్టరు కాదు. చర్మం తెల్లబడటానికి ఆ గ్లూటాథయోన్ ఇంజెక్షన్‌ను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించనేలేదు. ఇక లేజర్ అంటారా, రంగునిచ్చే మెలనిన్ ఎక్కువగా ఉండే మన చర్మానికి పవరు సరిచూసి పెట్టకపోతే కాలిన మచ్చలే మిగులుతాయి. (తెలుపు మీద మనకున్న మోజు సంగతి ఎత్తితే ఈ లేఖ చాలదు.) తెల్లబడాలని పూసుకునే స్టెరాయిడ్ క్రీములను 2018లోనే షెడ్యూల్ హెచ్‌లో, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలో చేర్చినా, మందుల షాపులో చీటీ అడిగే నాథుడు లేడు.

ప్రైవేటు వైద్య సంస్థలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని 2002 నాటి చట్టం చెబుతోంది. సూది పట్టే పార్లర్లను తనిఖీ చేయించండి. అర్హులైన చర్మవైద్యుల జాబితాను అందరికీ కనబడేలా పెట్టించండి. సిరిమానోత్సవం ఆఫర్లు మొదలయ్యేలోగా ఈ పని జరగాలి.

ఇట్లు,
పెళ్లీడు కూతురున్న ఒక తల్లి