కొండమలుపు ఊటను మూసెయ్యకండి, పరీక్ష చేయించండి

తాగునీటి విభాగం అధికారి గారికి,

నమస్కారం. కొండదారి మలుపులో, రాతి సందులోంచి పడే ఊట దగ్గర క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడేవాళ్లలో నేనూ ఒకణ్ని. ఆ నీళ్లకు అలవాటు పడ్డ నోటికి ఇంకే నీళ్లూ రుచించవు.

మొన్న పెద్దవాన తర్వాత గొట్టంలోంచి వచ్చే ధార లేత మట్టిరంగు తిరిగింది. అంటే వాననీరు నేలలో సరిగా వడకట్టుకోకుండానే రాతి పగుళ్లలోంచి ఊటలోకి దిగుతోందన్నమాట. ఎగువన మేసే పశువుల పేడ కూడా దాంతోపాటే దిగొచ్చు. తేటగా ఉన్నంత మాత్రాన నీళ్లు మంచివని కాదు, పేడలో ఉండే ఈ-కోలై అనే బ్యాక్టీరియా కంటికి కనబడదు. 100 మిల్లీలీటర్ల తాగునీటిలో అది అసలు కనిపించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. నీళ్లు కాస్తే అది చస్తుంది. పేడ, ఎరువుల నుంచి నీళ్లలో కలిసే నైట్రేటు అనే రసాయనం అలా కాదు, ఎంత కాచినా పోదు.

‘తాగరాదు’ అని బోర్డు పాతేసి చేతులు దులుపుకోకండి. జనం ఎలాగూ వస్తారు. వానలకు ముందూ తర్వాతా నీళ్లు పరీక్ష చేయించి, ఫలితాన్ని తేదీతో సహా అక్కడే రాయించండి. ఊట పుట్టేచోట మూతున్న సిమెంటు తొట్టి, పైన కంచె, వాననీటిని పక్కకు మళ్లించే చిన్న కాలువ ఉంటే చాలావరకు కాపాడినట్టే.

బండ్లు ఆపుకోవడానికి రోడ్డు పక్కన కాస్త జాగా కూడా చూపించండి. నిండు క్యాను ఎత్తుకుని ఇటు తిరిగిన ఒక పెద్దాయన మోచేతిని రాసుకుంటూ లారీ వెళ్లడం కళ్లారా చూశాను.

ఫలితాలు వచ్చేదాకా కాచుకునే తాగుతాం. మొదటి పరీక్ష ఎప్పుడో దయచేసి చెప్పండి.

ఇట్లు,
ఊటనీళ్లు తాగే ఒక పౌరుడు