సున్నుండల డబ్బాతో పంపిన ఉత్తరం

నాన్నా బుజ్జీ,

రమణ వాళ్ళ నాన్న రేపు తెల్లవారుజాము బస్సుకి మీ స్కూలుకి వస్తున్నాడు. ఆయన చేతికి సున్నుండల డబ్బా, దుప్పటి, కొబ్బరినూనె సీసా ఇస్తున్నాను. సీసా మూతకి కవరు చుట్టి రబ్బరుబ్యాండు వేశాను. పుస్తకాల దగ్గర పెట్టుకుని విప్పకు, ఒలుకుతుంది. సున్నుండలు ముప్ఫై. అన్నీ ఒక్కరోజే పంచేయకు.

ఇక్కడ అందరం బాగున్నాం. గౌరి ఈనింది, పెయ్యదూడ. శేషు మామయ్య బోరు మోటారు మళ్ళీ కాలిపోయింది, ఈ ఏడాది ఇది రెండోసారి. తాతయ్య మోకాలు అలాగే ఉంది. రెండు ఆదివారాలుగా నీ ఫోన్ రాలేదు. హౌస్ మాస్టరు గారి ఫోన్ దగ్గర క్యూ పెద్దగా ఉందేమోలే అనుకున్నాం. తాతయ్య మాత్రం సాయంత్రం దాకా ఫోన్ పక్కనే కూర్చున్నాడు.

మొన్న రమణ వాళ్ళమ్మ జాకెట్టు వదులు చేయించుకోవడానికి వచ్చి మాటల్లో ఏదో అంది. నేను పట్టించుకోలేదు. ఆవిడ సంగతి తెలిసిందేగా, గోరంత ఉంటే కొండంత చేస్తుంది. నువ్వు మాత్రం రమణ మీద కోపం పెట్టుకోకు. వాడు చాడీ చెప్పలేదు, నోరు జారాడు.

కార్తీకం చలి మొదలైంది. తలస్నానం చేశాక తుడుచుకోకుండా స్టడీ అవర్‌కి పరిగెత్తకు. అన్నట్టు లెక్కల్లో ఇప్పుడు ఏ పాఠం జరుగుతోంది? దసరా సెలవుల్లో నీ నోట్సు తిరగేశాను. పూర్ణ సంఖ్యల దగ్గర మైనస్ మూడులోంచి మైనస్ ఐదు తీసేయమంటే నువ్వు మైనస్ ఎనిమిది వేశావు. మూడు రూపాయలు బాకీ ఉన్నవాడికి కొట్టువాడు ఐదు రూపాయల బాకీ కొట్టేశాడనుకో, వాడి చేతికి రెండు రూపాయలు ఎదురు వస్తాయి కదా. మన ఖాతా పుస్తకం చూస్తూ పెరిగినవాడివి, నీకు ఇది తెలియకపోవడమేంటి? ఇంగ్లీషులో అర్థం కాకపోతే పక్క పేజీలో తెలుగు ఉంది, అది చదువు. ఎవరూ నవ్వరు. నవ్వినా చదువు.

ఆ తప్పుని నేను తప్పు పట్టడం లేదు. నిజం చెప్పాలంటే ఆ పేజీ చూసి నాకు ధైర్యం వచ్చింది, తప్పైనా నీ చేత్తో చేసిన తప్పు అని. దాని తర్వాత పేజీలన్నీ ఒక్క కొట్టివేత కూడా లేకుండా ముత్యాల్లా ఉన్నాయి. అప్పుడే అడగాల్సింది, పండగ పూట ఎందుకులే అని ఊరుకున్నాను.

సరే, అడిగేస్తున్నాను. పొద్దున టిఫిన్ లైన్లో నిలబడి పక్కవాడి నోట్సు చూసి లెక్కలు దింపేస్తున్నావట, నిజమేనా?

మన వీధి చివర టీచరు మేడమ్ అంచు కుట్టించుకోవడానికి వస్తే ఊరికే అడిగాను, అసలు ఏడో తరగతికి ఎంత హోంవర్క్ ఉండాలని. 2020లో ఢిల్లీ వాళ్ళు స్కూల్ బ్యాగ్ విధానమని ఒకటి తెచ్చారట, అందులో 6 నుంచి 8 తరగతుల వాళ్ళకి రోజుకి గంటకు మించి ఇవ్వొద్దని ఉందట. అన్ని సబ్జెక్టులూ కలిపి గంట! మీకు అంతకంటే ఎక్కువే ఇస్తున్నారేమో, అది అన్యాయమే. మరీ ఎక్కువైతే సార్‌ని అడుగు, లేదా నేనే వచ్చి అడుగుతాను. కానీ టిఫిన్ లైన్లో ఐదు నిమిషాలు కూడా గంట కాదుగా.

నాకిది చెప్పే అర్హత ఉందో లేదో నువ్వే చూడు. మేము ఏడులో ఉన్నప్పుడు కామన్ పరీక్ష ఉండేది. అందుకని అందరం గైడ్లు కొన్నాం. ఏ గైడో పేరెందుకులే. ఒకరోజు మాస్టారు త్రైరాశికంలో ఒక లెక్క ఇచ్చారు. 12 మంది కూలీలు ఒక పనిని 15 రోజుల్లో చేస్తే 9 మంది ఎన్ని రోజుల్లో చేస్తారు? నేను ఇంటి దగ్గరే చేశాను. పన్నెండు పదిహేన్లు నూట ఎనభై, దాన్ని తొమ్మిదితో భాగిస్తే ఇరవై. మర్నాడు స్కూలు వెనక చింతచెట్టు కింద అందరూ గైడు ముందేసుకుని రాస్తున్నారు. తొంగి చూస్తే జవాబు 2 రోజులు అని ఉంది. అచ్చులో సున్నా ఎగిరిపోయింది, అంతే. నాకు ఆ ఆలోచనే రాలేదు. టెన్షన్ పడి నా ఇరవైలో సున్నా కొట్టేశాను.

మాస్టారు నోట్సులన్నీ బల్ల మీద దొంతర పెట్టుకుని ఒక్కొక్కటీ తెరుస్తున్నారు. రెండు, రెండు, రెండు. చివరికి కళ్ళజోడు తీసి, "ఒరేయ్, తొమ్మిది మంది రెండు రోజుల్లో తెమిల్చే పనికి ఆ పన్నెండు మంది పదిహేను రోజులూ ఏం చేశార్రా, చుట్టలు కాల్చుకుంటూ కూర్చున్నారా?" అన్నారు. ఎవరికీ నవ్వడానికి కూడా ధైర్యం లేదు. ఒక్క మీ పద్మత్త మాత్రం పదకొండుంబావు రోజులు వేసింది. అదీ తప్పే, మనుషులు తగ్గితే రోజులు పెరగాలి గానీ తగ్గుతాయా? అయినా ఆయన దాన్నే దగ్గరకి పిలిచి, ఎక్కడ పొరబడిందో కూర్చోబెట్టి చూపించారు. నా నోట్సు దగ్గరకి వచ్చేసరికి ఆగిపోయారు. "దీన్నెందుకు కొట్టేశావమ్మా?" అన్నారు. గైడులో రెండే ఉందండీ అన్నాను. తిట్టలేదు. ఎర్ర సిరా పెన్నుతో ఆ సున్నాని మళ్ళీ దిద్ది నోట్సు నా చేతిలో పెట్టారు. తిట్టినా బాగుండేది.

పద్మత్త ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఈ కథ చెప్పి నవ్విస్తుంది, తన పదకొండుంబావు సంగతి మాత్రం చెప్పదు.

ఇదంతా చదివి తాతయ్య తన ముక్క కూడా రాయమంటున్నాడు. 1957లో నయాపైసలు వచ్చినప్పుడు అణాకి ఆరుంబావు. కొట్లో అణాలు విడివిడిగా మారిస్తే ఒక్కోదానికి ఆరే ఇచ్చేవారట, నాలుగూ కలిపి మారిస్తే పాతిక వచ్చేదట. పావు ఎక్కం తెలియబట్టే మోసపోలేదంటాడు. నీకు 16వ ఎక్కం వచ్చా అని అడగమన్నాడు. నేను అడగలేదనుకో.

రోజూ స్టడీ అవర్‌లో ముందు లెక్కలు తియ్యి, సోషల్ తర్వాత. నాలుగు లెక్కల్లో రెండే వస్తే రెండే రాసి, మిగతావాటికి ఎక్కడిదాకా వచ్చావో అక్కడ ఆపేయి. సార్ అడిగితే రాలేదని చెప్పు. దెబ్బ తగిలితే... తగలకూడదు, తగిలితే మాత్రం నాకు చెప్పు, దాచకు. రోజూ నాలుగు మడతల గుడ్డ మీద పావులూ అరలూ వేసుకుంటూ బతికేదాన్ని, ఒక్కసారి పావంగుళం తప్పినా గుడ్డ పాడవుతుంది, నీ లెక్కలు నేను... సరే, ఆపుతాను. లెక్చరు ఇవ్వనని మీ నాన్నకి మాటిచ్చి కూర్చున్నాను.

పాత లెక్కల నోట్సు రమణ వాళ్ళ నాన్నకిచ్చి పంపు. కొట్టివేతలున్నా పర్లేదు, ఉంటేనే పంపు. డబ్బా కూడా ఖాళీ చేసి మూతతో సహా పంపు, పోయినసారి మూత రాలేదు. ఈ ఆదివారం మిషను తొక్కను, ఆ మోతలో ఫోన్ వినపడదు.

అమ్మ