నిద్రమాత్రల చీటీ రెండోసారి ఎందుకు చెల్లదంటే

"పోయిన నెల ఇదే చీటీ మీద ఇచ్చారుగా, ఇప్పుడెందుకు ఇవ్వరు?" అని అల్ప్రాజోలం (ఆందోళనకి), జోల్పిడెం (నిద్రకి), ట్రమడాల్ (నొప్పికి) వాడేవాళ్లు మా మందుల షాపు కౌంటర్ దగ్గర అడుగుతున్నారు. అప్పుడు ఇచ్చాం కాబట్టే ఇప్పుడు ఇవ్వలేం. మందుల అమ్మకానికి ఉన్న డ్రగ్స్ రూల్స్‌లో 65వ రూలు ప్రకారం, మళ్లీ ఇవ్వొచ్చని డాక్టర్ గారు రాయని చీటీ ఒక్కసారికే పనికొస్తుంది.

అందుకే డాక్టర్ గారి ముందు నుంచి లేవకముందే చీటీ చూసుకోండి. పేషెంట్ పేరు, అడ్రసు, తేదీ, డోసు, మొత్తం ఎన్ని మాత్రలు, సంతకం ఉండాలి. ఎక్కువగా తేడా వచ్చేది మాత్రల లెక్క దగ్గర: "రాత్రికి ఒకటి" అని ఉంటుంది, ఎన్ని రోజులకో ఉండదు. నెలనెలా వాడాల్సిన మందైతే "30 మాత్రలు, 30 రోజులకోసారి, మొత్తం 3 సార్లు" అని రాయించుకోండి. ఇచ్చిన ప్రతిసారీ చీటీలో డాక్టర్ గారి సంతకానికి పైభాగాన మా షాపు పేరు, అడ్రసు, తేదీ వేయాలి. వాట్సాప్ ఫొటో మీద అది కుదరదు, ఒరిజినలే తేవాలి. 30 రోజులని ఉంటే ఇరవయ్యో రోజున ఇవ్వం.

"అర షీటైనా ఇవ్వన్నా" అంటారు. ఈ మందులు షెడ్యూల్ హెచ్1లో, అంటే చీటీ మీదే అమ్మి లెక్క రాయాల్సిన మందుల జాబితాలో ఉన్నాయి. అర షీటు ఇచ్చినా డాక్టర్ పేరు, అడ్రసు, పేషెంట్ పేరు, మందు, ఎన్ని ఇచ్చామో విడి రిజిస్టర్‌లో ఎక్కించి, దాన్ని మూడేళ్లు దాచాలి. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేది ఈ అల్ప్రాజోలమే. ఈ లెక్క గట్టిగా ఉండాల్సిందేనని మా అభిప్రాయం కూడా.

రాసిన బ్రాండు లేకపోతే, అదే మందు వేరే కంపెనీది మాకు మేముగా ఇవ్వకూడదు. డాక్టర్ గారితో మార్పించుకు రండి. వీడియో కాల్‌లో చూపించుకుని తెచ్చిన చీటీకి పైన చెప్పిన మూడు మందులూ ఇవ్వం. 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఒప్పుకోవు. పిల్లల ఏడీహెచ్‌డీకి (ధ్యాస నిలవక, కుదురుగా ఉండలేని సమస్య) వాడే మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే ఇంకా గట్టి రూల్స్ ఉన్న జాబితాలోది. దానికి వేరే లైసెన్సు కావాలి, అది మా దగ్గర లేదు. ఆ లైసెన్సున్న షాపుకి చీటీ రెండు కాపీలు తీసుకెళ్లండి, ఒకటి వాళ్లే ఉంచుకుంటారు.

మా భయమల్లా ఒకటే. రోజూ అల్ప్రాజోలం వేసుకునేవాళ్లకి అది ఒక్కసారిగా ఆగితే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, కొందరికి ఫిట్స్ కూడా రావొచ్చు. అందుకే వారానికి సరిపడా మాత్రలు ఉండగానే డాక్టర్ గారి దగ్గరికి వెళ్లండి. ఆయన ఊళ్లో లేకపోతే పాత చీటీ, ఖాళీ షీటు పట్టుకుని వేరే డాక్టర్‌కి చూపించండి. పక్కింటివాళ్ల మాత్రలు అడిగి వేసుకోకండి.